క్లయింట్ ఫారంలో అందరికీ అన్ని ప్రశ్నలూ కనిపించకుండా ఎలా చేస్తున్నారు?

లెక్కలక్క, మారతహళ్లి, బెంగళూరు
ఇంటి దగ్గర్నుంచే ఐటీ రిటర్నులు వేసిపెడుతుంటాను. క్లయింట్లు దాదాపు అందరూ ఔటర్ రింగ్ రోడ్ ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లే. గూగుల్ ఫారంలో 43 ప్రశ్నలు పెట్టాను. జీతం తప్ప ఇంకేమీ లేని కుర్రాణ్ణి కూడా అది "షేర్లు ఏ తేదీన కొన్నారు, ఎంతకి అమ్మారు" అని అడుగుతోంది. సగంలో వదిలేసి, వాట్సాప్‌లో ఫారం 16 (ఆఫీసు ఇచ్చే జీతం-పన్ను కాగితం) పడేసి "మీరే చూస్కోండి మేడమ్" అంటున్నారు. ఒకాయనైతే ప్రతి గడిలోనూ ఒక చుక్క పెట్టి పంపించాడు. 'ఉంది' అన్నవాళ్లకే తర్వాతి ప్రశ్నలు వచ్చేలా కండిషన్లు పెట్టొచ్చంటున్నారు. ఎవరైనా పెట్టారా?

కెమెరా బాబు, కేఆర్ పురం
పెట్టాను, పరువూ పోగొట్టుకున్నాను అక్కా. ముందు ఫారాన్ని సెక్షన్లుగా విడగొట్టుకోవాలి. తర్వాత ప్రశ్న కింద మూడు చుక్కలు నొక్కితే, ఏ జవాబుకి ఏ సెక్షన్‌కి వెళ్లాలో పెట్టుకునే ఆప్షన్ ఉంటుంది. నేను మర్చిపోయిందేమిటంటే, ప్రతి సెక్షన్ చివర కూడా ఎక్కడికి పోవాలో విడిగా చెప్పాలి. చెప్పకపోతే వరసలో ఉన్న తర్వాతి సెక్షన్‌కి పోతుంది. నా ఫారంలో పుట్టినరోజు కింద పెళ్లి సెక్షన్ ఉంది. ఏడాది పిల్లాడి ఫంక్షన్‌కి బుక్ చేసుకున్న తండ్రి ఫోన్ చేసి "మావాడి తలంబ్రాలు ఎన్నింటికని రాయమంటారు?" అన్నాడు.

లెక్కలక్క
నవ్వాగట్లేదు. కానీ నాది చెక్‌బాక్స్ ప్రశ్న బాబూ, ఎన్నయినా టిక్ పెట్టొచ్చు. జీతం, అద్దె, షేర్లు... ఒకరికే మూడూ ఉండొచ్చు. దానికి ఆ ఆప్షనే కనిపించడం లేదు.

కెమెరా బాబు
రాదక్కా. ఒక్క జవాబే ఎంచుకునే మల్టిపుల్ చాయిస్‌కీ డ్రాప్‌డౌన్‌కీ మాత్రమే. 'అద్దె వస్తుందా', 'షేర్లు అమ్మారా' అని ఒక్కోదాన్నీ అవును-కాదు ప్రశ్నగా విడదీసి గొలుసులా కలపండి. చెక్‌బాక్సే కావాలంటే జాట్‌ఫారం, టాలీ చూడండి. మీ అకౌంట్ల టాలీ కాదు, ఫారాల టాలీ వేరే ఉంది.

కోడు కూలీ, వైట్‌ఫీల్డ్
సొంత వెబ్‌సైట్‌లో ఫారం రాయించుకునేవాళ్లకి ఒక మాట. కనిపించకుండా దాచినంత మాత్రాన ఆ గడి లేనట్టు కాదు. మేము 'కంపెనీ' అంటేనే జీఎస్టీ నంబర్ గడి తెరుచుకునేలా చేసి, దాన్ని తప్పనిసరి చేశాం. 'వ్యక్తి' అన్నవాళ్లు సబ్మిట్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. దాగి ఉన్న ఖాళీ గడి నింపమని బ్రౌజర్ లోపల్లోపల మొండికేస్తోంది, ఆ మాట మాత్రం తెర మీద చూపించదు. రెండు రోజులు పట్టింది కనిపెట్టడానికి. ఇంకో గొడవ: ఒకావిడ ముందు 'కంపెనీ' అని నంబర్ కొట్టి, మనసు మార్చుకుని 'వ్యక్తి' అన్నారు. గడి మాయమైంది, నంబర్ మాత్రం మాకు వచ్చేసింది, బిల్లు కంపెనీ పేరు మీద వెళ్లింది. దాచేటప్పుడే ఆ గడిని డిసేబుల్ కూడా చేస్తే, అంటే పనిచెయ్యకుండా ఆపేస్తే, రెండూ తీరతాయి: బ్రౌజర్ దాన్ని చెక్ చెయ్యదు, పంపదు.

గోడలు-రంగులు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్
నేను ఇంటీరియర్స్ చేస్తాను. జీఎస్టీ నంబర్ ఉన్నవాళ్లని రాష్ట్రం అడగడం మానేశాను. మొదటి రెండంకెలు 29 అయితే కర్ణాటక, 37 అయితే ఆంధ్రా. తర్వాతి పది అక్షరాలు పాన్, అందులో నాలుగోది 'పి' అయితే వ్యక్తి, 'సి' అయితే కంపెనీ. ఆ రాష్ట్రాన్ని బట్టే ఐజీఎస్టీనా (రాష్ట్రం దాటితే వేసే జీఎస్టీ), మామూలుదా అని ఫారం తేల్చేస్తుంది.

లెక్కలక్క
ఆగండాగండి. పాన్ సంగతి సరే. కానీ ఇంటీరియర్ పనికి క్లయింట్ రిజిస్ట్రేషన్ ఏ రాష్ట్రంలో ఉందన్నది కాదు, ఆ ఇల్లు ఎక్కడుందన్నదే లెక్క. మీ రిజిస్ట్రేషన్ కర్ణాటకలో, సైట్ హిందూపురంలో అయితే, క్లయింట్ నంబర్ 29తో మొదలైనా ఐజీఎస్టీయే. మీ ఫారంలో మొదటి ప్రశ్న 'సైట్ ఎక్కడ' అని ఉండాలి.

గోడలు-రంగులు
చచ్చాం. హిందూపురం బిల్లు ఒకటి నిజంగానే ఉంది. మీకు విడిగా మెసేజ్ పెడతానండీ.

పాతకాలపువాణ్ణి
ఇంతోటి దానికి ఇంత తతంగమా? ఫోన్ చేసి అడిగితే పదినిమిషాల్లో తేలిపోదూ?

లెక్కలక్క
జులై ఆఖరి వారంలో మా ఇంటికొచ్చి ఆ ఫోన్లు మీరు చెయ్యండి సార్.

మిగతావాళ్లకి: పెట్టేశాను. ముందు తెల్లకాగితం మీద చెట్టులా గీసుకున్నాను, లేకపోతే నాకే అయోమయం. పన్ను లెక్కకి పాత విధానం (మినహాయింపులు ఎక్కువుండేది) అంటేనే వాళ్లు కట్టే ఇంటి అద్దె, 80సి (పొదుపుల మినహాయింపు) సెక్షన్లు తెరుచుకుంటాయి. ఏడాది అద్దె లక్ష దాటితేనే ఓనర్ పాన్ అడుగుతుంది. పాతదా, కొత్తదా అన్నచోట 'తెలియదు' అని మూడోది పెట్టడం మర్చిపోయాను మొదట. ఏది లాభమో తేల్చమనే కదా వాళ్లు నా దగ్గరికొచ్చేది! 'తెలియదు' అంటే పాత విధానం ప్రశ్నలన్నీ అడుగుతుంది. బ్యాంకు వడ్డీకి మాత్రం ఏ కండిషనూ పెట్టలేదు. 'వేరే ఆదాయం ఉందా' అంటే లేదనేస్తారు, సేవింగ్స్ వడ్డీ ఆదాయమని ఎవరికీ తట్టదు.

పంపే ముందు మా అత్తగారితో నింపించాను. 'ఉద్యోగమా, వ్యాపారమా' దగ్గరే ఆగిపోయి, "నేను రిటైరై పన్నెండేళ్లయింది కదమ్మా, ఏది నొక్కను?" అన్నారు. పెన్షన్ జీతం కిందికే వస్తుందని నాకు తెలుసు, ఆవిడకేం తెలుసు? 'పెన్షన్' అని కలిపాను.

కెమెరా బాబు
అక్కా, నా పుట్టినరోజు ఫారం కూడా ఆవిడతో ఓసారి నింపించండి.