గైడ్ లేకుండా ఛత్రూ బౌల్డరింగ్: వెళ్ళొచ్చా, వద్దా?

లింగంపల్లి లోకల్:
అందరికీ నమస్తే. నలుగురం ఉన్నాం, సెప్టెంబర్‌లో తొమ్మిది రోజులు సెలవు దొరికింది, హిమాచల్‌లో ఛత్రూ వెళ్ళి బౌల్డరింగ్ చేద్దామని ప్లాన్. తెలియనివాళ్ళకి చెప్తున్నా, మనాలీ నుంచి అటల్ టన్నెల్ దాటి, గ్రంఫూ దగ్గర కాజా రోడ్డు పట్టుకుంటే చంద్రా నది పక్కన వస్తుంది. ఊరు అనడానికి కూడా లేదు, నాలుగు ధాబాలు, చుట్టూ బండలే బండలు. మా అనుభవం: ఏడాదిగా జిమ్ గోడ, ఆదివారాలు ఖాజాగూడ, భువనగిరిలో బేసిక్ కోర్సు. తాళ్ళు లేవు, బోల్టులు లేవు, కింద క్రాష్ ప్యాడ్ (పడితే దెబ్బ తగలకుండా పరిచే మందపాటి పరుపు) వేసుకుని ఎక్కడమే కదా, దీనికి వేలు పోసి గైడ్ ఎందుకని నా ప్రశ్న. మాలో ఒకడు మాత్రం గైడ్ లేకపోతే రానని కూర్చున్నాడు, ముందు కర్ణాటకలో బాదామి పోదాం అంటున్నాడు. పూర్ణ, ఆనంద్ భువనగిరి గుట్ట మీద నేర్చుకుని 2014లో ఎవరెస్టే ఎక్కారు, మేం నాలుగు బండలు ఎక్కలేమా?

చాక్‌పీసు:
వెళ్ళు భయ్యా. బౌల్డరింగ్‌కి గైడ్ ఏంటి, ఏ బండ ఎక్కాలో చూపించడానికా? నీ కళ్ళు లేవా? ప్యాడ్ల సంగతి చూసుకో, నలుగురికి మూడైనా ఉండాలి. ఫ్లైట్‌లో అంత సైజు సామాను అంటే గొడవే. మేం తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో తీసుకెళ్ళాం, ఢిల్లీకి ఒక రోజు పైనే పడుతుంది గానీ పై బెర్తు మీద పడేస్తే అడిగేవాడు లేడు. ఒక పెద్దాయన మాత్రం "పెళ్ళి పరుపా బాబూ" అన్నాడు. బాదామి అంటావా, అది ఇసుకరాయి, తాడు కట్టుకుని ఎక్కే ఆట, దానికీ దీనికీ సంబంధం లేదు.

కుంటి గుర్రం:
నేను రెండేళ్ళ కింద సరిగ్గా ఇదే లెక్క వేసుకుని వెళ్ళా, అందుకే రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి. మూడో రోజు, కష్టమైన బండ కూడా కాదు, రెండు నిలువులు ఉంటుందేమో, పైదాకా వెళ్ళి చెయ్యి జారింది. ప్యాడ్ మీదే పడ్డా, కానీ ఒక కాలు రెండు ప్యాడ్ల సందులో దిగి మడమ తిరిగిపోయింది. మొదట నవ్వుకున్నాం కూడా. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. ఇద్దరు భుజాల మీద మోసి ధాబా దాకా తెచ్చేసరికి గంటన్నర, ఎందుకంటే ఆ రాళ్ళ మధ్య దారి అనేది లేదు. అప్పటికి మధ్యాహ్నం దాటింది. ఎండకి పైన మంచు కరిగి రోడ్డుకి అడ్డం పారే నాలాలో నీళ్ళు పెరిగాయి, కిందికి పోయే బండ్లు ఆగిపోయాయి. ఆ రాత్రి ధాబాలోనే పడుకున్నా. ధాబా అమ్మ గుడ్డతో గట్టిగా కట్టి, అడిగినప్పుడల్లా చాయ్ ఇచ్చింది, ఆమె రుణం తీర్చుకోలేను. పొద్దున్నే ఒక లారీలో మనాలీ, ఎక్స్‌రే, రెండు చోట్ల ఎముక చిట్లింది.

అదే పడటం ఖాజాగూడలో పడితే పది నిమిషాల్లో ఆటోలో ఉంటా. గైడ్ ఉంటే పడకుండా ఉండేవాడినా? ఉండేవాడిని కాదు. కానీ ఆ రోజు ఎవరి జీపు ఎక్కడుందో, ఏ నాలా ఎన్ని గంటల లోపు దాటాలో ఆయనకి తెలిసి ఉండేది. అక్కడ భయపడాల్సింది రాయికి కాదు, రోడ్డుకి.

చాక్‌పీసు:
అన్నా, మీకు అయినదానికి బాధే, కానీ మీరు చెప్పింది గైడ్ గురించి కాదు, జీపు గురించి. మనాలీ నుంచి డ్రైవర్‌తో సహా బండి మాట్లాడుకుని అక్కడే ఉంచుకుంటే సరిపోయేది కదా. సిగ్నల్ అంటారా, మా బావ అమెరికా నుంచి శాటిలైట్ మెసెంజర్ తెస్తున్నాడు, అది పట్టుకెళ్ళమనండి.

బంజారా బండ:
తమ్ముడూ, ఆ బావగారికి ఇప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పు. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ గానీ అలాంటి మెసెంజర్ గానీ వాడటం నేరం, తెలియక తెచ్చుకుని ఎయిర్‌పోర్టులో పట్టుబడ్డవాళ్ళున్నారు.

ఇంకోటి, పూర్ణ పేరు ఇలా వాడొద్దు, నాకు కోపం వస్తుంది. భువనగిరి తర్వాత వాళ్ళని డార్జిలింగ్ తీసుకెళ్ళారు, చలికాలంలో లద్దాఖ్ తీసుకెళ్ళారు, నెలల తరబడి కోచ్ వెంట ఉండి తయారుచేశాడు. పదమూడేళ్ళ పిల్ల అంత ఎత్తు ఎక్కిందంటే దాని వెనక ఎంత పద్ధతి ఉందో చూడండి, మీరేమో దాన్ని గైడ్ వద్దనడానికి సాక్ష్యం చేశారు.

మీ ప్లాన్‌లో ఎవరూ అడగని ప్రశ్న, ఎక్కడ ఎన్ని రాత్రులు? హైదరాబాద్ 540 మీటర్లు. మనాలీ సుమారు 2,050. ఛత్రూ 3,300 పైన. పాత రోజుల్లో రోహ్‌తంగ్ కనుమ ఎక్కి దిగాలి, సగం రోజు పోయేది. 2020లో టన్నెల్ తెరిచాక మనాలీలో టిఫిన్ చేసి ఛత్రూలో భోంచెయ్యొచ్చు, కానీ ఒంటికి ఆ సంగతి తెలియదు, పైనున్న పలచటి గాలికి అలవాటు పడటానికి దానికి రోజులు కావాలి. మూడు వేలు దాటాక పడుకునే ఎత్తు రోజుకి ఐదు వందల మీటర్ల కంటే పెంచకూడదంటారు. మనాలీలో రెండు రాత్రులు, టన్నెల్ దాటాక వచ్చే సిస్సూలో ఒకటి, ఆ తర్వాతే ఛత్రూ. తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే ఆగిపోండి, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా అర్ధరాత్రైనా కిందికి దిగాల్సిందే. డయామాక్స్ (ఎత్తు పడనప్పుడు వాడే మాత్ర) డాక్టర్‌ని అడక్కుండా మింగకండి, సల్ఫా మందులు పడనివాళ్ళు అసలే. 2023 జులైలో బియాస్ పొంగి మనాలీ రోడ్డే కొట్టుకుపోయింది, అందుకని తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ పెట్టుకోండి. ఇవన్నీ తీసేస్తే మీ తొమ్మిది రోజుల్లో ఎక్కడానికి మూడు మిగిలితే గొప్ప.

మౌలాలి మామ:
మూడు రోజుల కోసం అంత దూరమా! 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ మీద కూర్చుని ఉన్నారు, అదేమో రోజుకో గుట్ట కంకరైపోతోంది. నేను చిన్నప్పుడు ఎక్కిన బండల్లో సగం ఇప్పుడు అపార్ట్‌మెంట్ల సెల్లార్లు. ఖాజాగూడలో మిగిలినవైనా ఎక్కండి రా, రేపు అవీ ఉండవు.

చాక్‌పీసు:
మామా, మీ మాట నిజమే గానీ టాపిక్ అది కాదు.

మౌలాలి మామ:
నాకు అదే టాపిక్.

లింగంపల్లి లోకల్:
పూర్ణ మాట వెనక్కి తీసుకుంటున్నా అక్కా. రాత్రి నలుగురం కూర్చుని మళ్ళీ లెక్క వేశాం. మనాలీలో రెండు, సిస్సూలో ఒకటి ఒప్పుకున్నాం. గైడ్ మొదటి రెండు రోజులకి మాత్రమే, బండి మాత్రం చివరిదాకా మాతోనే. అన్ని రోజులూ గైడ్ అవసరమని ఇప్పటికీ నాకు అనిపించట్లేదు, తిట్టేవాళ్ళు తిట్టండి. రానన్నవాడు వస్తానన్నాడు, కాకపోతే వచ్చే నెల మామ చెప్పినట్టు ఖాజాగూడలో నాలుగు ఆదివారాలు స్పాటింగ్ (ఎక్కేవాడు పడితే ప్యాడ్ మీద సరిగ్గా పడేలా కింద నిలబడి కాచుకోవడం) ప్రాక్టీస్ చెయ్యాలని షరతు పెట్టాడు. కుంటి గుర్రం అన్నా, ప్యాడ్ల సందు గురించి చెప్పావు కదా, రెండిటి మీద అడ్డంగా పరిచే సన్న ప్యాడ్ ఎవరి దగ్గరైనా ఉందా? మెహదీపట్నం దాకా వచ్చి తీసుకుంటా.

కుంటి గుర్రం:
నా దగ్గరుంది. ఒక మూల చిరిగింది, కుట్టించుకో.