టేక్ అనే మాట మన ‘తాకు’ కాదా?

ఒంగోలుగిత్త: టేక్ అంటే ‘తీసుకొను’ అని పిలకాయల చేత వల్లె వేయిస్తన్నారు. దాని పాత రూపం ‘టాకా’, అర్థం ముట్టుకోవడం, పట్టుకోవడం. మన ‘తాకు’ కాక ఏందది?

పెన్నాగట్టు: అన్నా, టాకా వైకింగుల (పాతకాలపు స్కాండినేవియా వాళ్ళ) నార్స్ భాష మాట. వాళ్ళు ఇంగ్లండులో కాపురాలు పెట్టినాక ఇంగ్లీషులో దిగింది. అంతకుముందు అక్కడ ‘నిమన్’ అనేవాళ్ళు. దాని తునకే ‘నంబ్’. తిమ్మిరి ‘పట్టింది’ అంటామే, అట్టా.

ఒంగోలుగిత్త: నార్సుకి ఎవురిచ్చారు? ఇంగ్లీషు, జర్మన్లకి పాత చుట్టమైన గోథిక్ భాషలో, 4వ శతాబ్దపు బైబిల్లో కూడా ‘టేకన్’ అంటే తాకడమే!

పెన్నాగట్టు: ఒక్క మాట కలిస్తే చుట్టరికం కాదు, వరస కలవాల. టు, టెన్, టూత్ జర్మన్లో త్స్వై, త్సేన్, త్సాన్. మూడిట్లోనూ ట పోయి త్స వచ్చింది. మనకేమో రెండు, పది, పన్ను. ఏడన్నా వరసుందా? తాకుకి చుట్టం తమిళ ‘తాక్కు’. మన భాషల కుటుంబం వేరని మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు దొర ఎల్లిస్ 1816లోనే చూపించాడు.

కావలికాలువ: ‘టేక్ టిఫిన్’ రైటా రాంగా?

ఒంగోలుగిత్త: దొర చెప్తేనే నీకు నిజం. తెలుగంటే చులకన.

పెన్నాగట్టు: ఎల్లిస్ తెలుగు గొప్పే చెప్పాడు. చదవకుండా తిట్టబాక.

ఒంగోలుగిత్త: సరే, పుట్టుక వదిలెయ్. ‘ఇట్ టేక్స్ టూ అవర్స్’ని పిలకాయలు ‘రెండు గంటలు తీసుకుంటుంది’ అని రాస్తన్నారు. మనం ‘పట్టుద్ది’ అంటాం. బిందె పది లీటర్లు పట్టుద్ది, అంటు వేరు పట్టుద్ది. అన్నిటికీ టేకే. నా గోల ఇది.

పెన్నాగట్టు: ఇది మొదట్లోనే చెప్పి ఉంటే సరిపోయేదిగా! కానీ పట్టు కూడా చాలదన్నా. మాత్ర వేసుకుంటాం, ఫొటో తీస్తాం, పరీక్ష రాస్తాం. ‘టీచర్ టుక్ ది ఎగ్జామ్’ అంటే పరీక్ష రాసింది టీచరే, పెట్టిందనాలంటే ‘గేవ్’. ‘తీసుకు’ పక్కన ‘పో’ ఉంటే టేక్, ‘రా’ ఉంటే బ్రింగ్. మాటని జంటతో నేర్పాల.

ఒంగోలుగిత్త: ఎన్ని జంటలు? కొక్కెం లేకుండా గుర్తుంటాయా? ‘తాకు’ అంటే చాలు, పట్టుకోవడం దాకా వాళ్ళే వస్తారు.

పెన్నాగట్టు: కొక్కెమని చెప్పు, పుట్టిల్లని చెప్పబాక.

కావలికాలువ: నా టిఫిన్?

పెన్నాగట్టు: మరీ తప్పు కాదు, పాతవాసన. ‘హ్యావ్’ అను. స్నానానికి బ్రిటిషోళ్ళు ఎక్కువగా హ్యావ్, అమెరికావోళ్ళు టేక్.

ఒంగోలుగిత్త: గోథిక్ సంగతి తేల్లా ఇంకా.