ఫోర్ట్ మైయర్స్ బీచ్‌లో కార్తిక వనభోజనాలు: పనుల పంపకం

సమన్వయం: అందరికీ నమస్కారం. ఈసారి వనభోజనాలు టాంపా పార్కులో కాకుండా, ఇక్కడి ఫ్లోరిడా తీరంలోనే ఉన్న ఫోర్ట్ మైయర్స్ బీచ్ అనే ఊళ్లో పెట్టుకుంటున్నాం. పిల్లలతో రెండున్నర గంటల ప్రయాణం కష్టమే. అయినా వెళ్లి తీరాలని నా పట్టుదల. 2022 సెప్టెంబరు 28న ఇయన్ తుపాను కాయో కోస్టా దీవి దగ్గర గంటకు 240 కిలోమీటర్ల గాలితో తీరం దాటినప్పుడు ఈ ఊరిని ఉప్పెన ముంచెత్తింది. సముద్రంలోకి వంతెనలా కట్టిన పియర్‌కు స్తంభాలే మిగిలాయి. తేరుకుంటుండగానే 2024లో హెలీన్, మిల్టన్ తుపానులు రెండు వారాల తేడాతో మళ్లీ నీళ్లు తెచ్చాయి. పర్యాటకుల మీదే బతికే ఊరు అది. అందుకే పులిహోర, దద్దోజనం మాత్రమే ఇంటి నుంచి తీసుకువెళ్దాం. పానీయాలు, ఐస్‌క్రీములు, సాయంత్రం ఫలహారం అక్కడి దుకాణాల్లోనే కొందాం. అనుమతి కోసం పట్టణ కార్యాలయానికి నేను రాస్తాను.

వంటల బృందం: మాది విశాఖ. హుద్‌హుద్ తరవాత బీచ్ రోడ్డులో మళ్లీ జనం కనబడితే ఎంత ధైర్యం వచ్చిందో నాకు తెలుసు. వంద మందికి పులిహోర నా బాధ్యత. ఒక సందేహం: ఇన్నాళ్లయినా అక్కడ ఖాళీ స్థలాలు ఎందుకున్నాయండీ?

సమన్వయం: మరమ్మతు ఖర్చు కట్టడం విలువలో సగం దాటితే, ఇంటిని ఇప్పటి వరద నిబంధనల ప్రకారం ఎత్తు పెంచి కట్టాలక్కా. ఆ ఖర్చు భరించలేక ఎందరో స్థలాలు అమ్ముకున్నారు. ఒక పక్క గడ్డి మొలిచిన పునాది, దాని పక్కనే కింద కారు పట్టేంత ఎత్తు స్తంభాల మీద కొత్త ఇల్లు కనిపిస్తాయి.

పూజ బృందం: సాయంత్రం సముద్రంలో దీపాలు వదులుదామా?

సమన్వయం: వద్దండీ. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం అక్టోబరు 31తో ముగుస్తుంది, కాబట్టి వెలుతురు వల్ల పిల్ల తాబేళ్లు దారి తప్పే భయం ఉండదు. కానీ దొన్నెలు, ఒత్తులు తిరిగి ఒడ్డుకే కొట్టుకొస్తాయి. పళ్లెంలో వెలిగించి వెంట తెచ్చేసుకుందాం.

యువజన బృందం: ఉదయం చెత్త ఏరే పని మాది. ఇసుకలో మేకులు, గాజు పెంకులు ఉండవచ్చు, అందరూ మందపాటి బూట్లతో రావాలి. ఇసుక దిబ్బలు ఎక్కవద్దు. వాటి మీది సీ ఓట్స్ గడ్డి పీకడం చట్టరీత్యా నేరం. ఇసుకను పట్టి ఉంచేది దాని వేళ్లే.

సమన్వయం: చాలా సంతోషం. వ్యాను నడిపేవారు ఇంకా ఇద్దరు కావాలి. ఆదివారం రాత్రిలోగా పేర్లు రాయండి.