ఈ వారం సమస్య: కత్తిరించగ నక్షత్రకాంతి పెరిగె

నిర్వాహకులు:
ఇది తేటగీతి పద్యానికి చివరి పాదం; ముందు మూడు పాదాలు రాసి దీనికి అర్థం కుదర్చడమే పూరణ. కోస్తే తరగాలి, ఇక్కడ పెరుగుతోంది. ఆ తిరకాసే నన్ను పట్టుకుంది. పిల్లా పెద్దా కూర్చుని క్రిస్మస్ తారలు కట్టే రోజులు కనుక పూరణలు ఆ పని చుట్టూ తిరిగితే మరీ సంతోషం.

బేగంబజారు:
అట్ట తారకు మొనలందు నైదు చోట్ల
చంద్రవంకలు గీసి యా జాడ మీద
వెలుగు దీపము లోపల బెట్టి, పిల్ల
కత్తిరించగ నక్షత్రకాంతి పెరిగె

యతిమైత్రి:
అట్ట వెలుతురును ఆపుతుంది, కోస్తేనే బయటికొస్తుంది. సమర్థన గట్టిది. కానీ మూడో పాదంలో దీపం పెట్టాక కోయించారు, అది క్రమదోషం. అట్ట బల్లమీద చదునుగా ఉన్నప్పుడే వంకలు కోయాలి. లోపలివైపు పతంగి (గాలిపటం) కాగితం అంటించాలి. ఆ తర్వాతే మడతలు. మడతకు సెంటీమీటరు లోపు కోత పడితే మొన వంగిపోతుంది. దీపం అన్నిటికన్నా చివర.

బేగంబజారు:
"బెట్టి"ని "బెట్ట" చేస్తే "పెట్టడానికి" అని అర్థం వస్తుంది, గణం (గురులఘువుల వరుస) చెడదు. దిద్దుకున్నాను.

మల్కాజిగిరి:
వీధి దీపాలు మేడల వెలుగు లార
గుమ్మమున గట్టు సెల్లుల గొలుసు మెరయ
రాత్రి విద్యుత్తు సరఫరా రాజధాని
కత్తిరించగ నక్షత్రకాంతి పెరిగె

యతిమైత్రి:
ఆహా! కరెంటు కోతను "కత్తిరించగ"లో ఇమిడ్చారు. ఈ వారానికి ఇదే విరుపు.

బేగంబజారు:
విరుపు ఒప్పుకుంటాను. కానీ తార కట్టిన పని ఏదీ? సంక్రాంతి సమస్యలోనూ మీ పూరణ ఇంతే. గాలిపటం ఎగిరింది, యతి (పాదంలో రెండు చోట్ల అక్షరాల పొందిక) కోసం మాంజాకు మైదా పూశారు. మాంజాకు పట్టించేది అన్నం ముద్ద, గాజుపొడి.

మల్కాజిగిరి:
మాంజా విషయంలో మీదే రైటు. అయితే ఆ మైదా తారకు జిగురుగా అక్కరకొస్తుంది. పావు కప్పు మైదాను చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం ఒకటింపావు కప్పు నీళ్లయ్యేలా పోసి, సన్నమంట మీద తిప్పుతూ తెల్లదనం పోయి నిగనిగలాడేదాకా ఉడికించాలి. వేడి నీళ్లలో పిండి వేస్తే ఉండ కట్టి తీరుతుంది. చల్లారాకే వాడాలి. వెదురు బద్దకు పూయాలి గానీ కాగితానికి కాదు. పతంగి కాగితం తడిస్తే రంగు దిగుతుంది, లాగితే చిరుగుతుంది.

లఘువు:
కొత్తవాణ్ణి, తప్పులుంటే చెప్పండి.
పతంగి కాగితమును బాగ నంటి
వెదురు బద్దల చట్రము వెనుక ముందు
మిగులు కొసలెల్ల నంగుళ మేర తాత
కత్తిరించగ నక్షత్రకాంతి పెరిగె

బేగంబజారు:
తమ్ముడూ, "పతంగి" జగణం (లఘువు, గురువు, లఘువు), తేటగీతి పాదం దానితో మొదలవదు. తేటగీతి గడప దగ్గరే ఆగిపోయింది.

యతిమైత్రి:
"గాలిపటం" అని మార్చకండి, పతంగి మన ఊరి మాట, ఉండాలి. ముందు ఒక్క "ఆ" చేర్చండి: "ఆ పతంగి కాగితమును నంట జేసి". యతి కుదిరింది, "నంటి" ("అంటించి" అనాల్సింది) బెడదా పోయింది. పొరమీద పొర పడ్డచోట నీడ కడుతుంది, కొసలు తీస్తే వెలుగు పెరుగుతుంది. మీ పూరణకు బలం అదే. కానీ "అంగుళ మేర" అంటే అంగుళం కోశారా, అంగుళం వదిలారా? బద్ద చుట్టూ మడవడానికి అర అంగుళం వదలాలి. బద్ద అంచుకే కోస్తే ఎండాక ఊడుతుంది.

లఘువు:
"నంగుళ" బదులు "నర్ధాంగు" అంటే?

బేగంబజారు:
"అర్ధాంగి" వినిపిస్తుంది, వద్దు. చట్రం కొలతలు చెప్పు, తాతగారి పని అక్కడే తెలుస్తుంది.

లఘువు:
60 సెంటీమీటర్ల బద్దలు పది, ఐదేసి కలిపి రెండు చుక్కలు. ప్రతి బద్దకూ రెండు కొసల నుంచీ 23 సెంటీమీటర్ల దగ్గర గుర్తు, బద్దలు దాటేది అక్కడే. రెండు చుక్కలనూ ముందు ఐదు మొనల దగ్గర దారంతో కలిపి కట్టి, తర్వాత లోపలి ఐదు కూడళ్లలో 8 సెంటీమీటర్ల పుల్లలు నిలబెట్టాలి. పుల్లలు సమంగా లేకపోతే తార మెలి తిరుగుతుంది. ఎల్‌ఈడీ బల్బే వాడాలి, పాత ఫిలమెంటు బల్బు వేడికి కాగితం మాడుతుంది. బల్బు మార్చడానికి కింది కాగితపు రేకు ఒకటి అంటించకుండా వదలాలి.

నిర్వాహకులు:
కొలతల దగ్గర మీరు కొత్తవారు కారు! నాదీ ఒకటి:
పదిపొరలుగాగ మడిచి తా వాలు కోత
తప్పి పంచభుజియె రాగ దల్లి మరల
మొనల పదునెనిమిది డిగ్రి మొగ్గు చూచి
కత్తిరించగ నక్షత్రకాంతి పెరిగె

యతిమైత్రి:
ఇక్కడ కాంతి అంటే శోభ, బాగుంది. అంచుకు నిటారుగా కోస్తే పంచభుజి రావడం కూడా నిజమే. కానీ వంటింటి బల్ల దగ్గర 18 డిగ్రీలు ఎవరు కొలుస్తారు?

నిర్వాహకులు:
కొలవక్కర్లేదు. కాగితం మడత మొన నుంచి ఒక అంచు మీద 10 సెంటీమీటర్లు, రెండో అంచు మీద 3.8. రెంటినీ కలుపుతూ కోయడమే.

లఘువు:
60లో 23, 10లో 3.8. రెండూ దాదాపు ఒకటే నిష్పత్తి!

బేగంబజారు:
దాన్నే పద్యం చెయ్యి తమ్ముడూ, ఈసారి జగణం లేకుండా.