తాతగారి మతిమరుపుకు వస నూనె పట్టించవచ్చా?

కొత్తపేట మనవడు:
మా తాతగారికి 78 ఏళ్లు. మధ్యాహ్నం భోజనం చేసిన సంగతి సాయంత్రానికి గుర్తుండటం లేదు. రాజమహేంద్రవరంలో చూపిస్తే డాక్టరు గారు మాత్ర రాశారు. ఈలోగా మా పెద్దమ్మ వస నూనె సీసా ఒకటి తెప్పించింది. రోజూ తేనెలో నాలుగు చుక్కలు కలిపి ఇస్తే మెదడు కణాలు చావకుండా ఆగుతాయట. ‘పరిశోధనల్లో రుజువైంది’ అని సీసా మీదే ఉంది. ఇవ్వవచ్చా?

లంక రైతు:
ఇందులో సందేహం ఎందుకు బాబూ? కోనసీమలో వస నాకకుండా పెరిగిన బిడ్డ ఎవరు? కొమ్మును ఆముదం దీపం మీద కాల్చి, సాన మీద అరగదీసి, నాలుకకు రాసేవారు మా అమ్మమ్మ. చరకుడు సంజ్ఞాస్థాపన ద్రవ్యాల్లో, అంటే స్పృహ నిలిపే మందుల్లో, వసను చేర్చాడు. ఇన్నాళ్లకు ఎలుకల మీద చూసి శాస్త్రవేత్తలు ఆ దారికే వచ్చారు. సంతోషించక అనుమానం దేనికి?

అమలాపురం మందుల కొట్టు:
ఎలుకల సంగతి పూర్తిగా చెబుదాం రైతు గారూ. మన వస నూనెలో ఎక్కువగా ఉండేది బీటా అసరోన్ అనే రసాయనం. చిన్న అణువు, కొవ్వులో కరుగుతుంది, అందుకే రక్తం నుంచి మెదడులోకి తేలికగా చేరుతుంది. ఎలుకల్లో నాడీకణాలను కాపాడిన దాఖలాలు ఉన్నాయి, కాదనను. అయితే 1960లలో వస నూనె కలిపిన మేత దీర్ఘకాలం తిన్న ఎలుకల పేగుల్లో కణితులు కనిపించాయి. 1968లో అమెరికా వసను ఆహారంలో కలపడం నిషేధించింది. ఆశపెట్టేదీ భయపెట్టేదీ ఒకే పదార్థం. ఒక ఎలుకను నమ్మి ఇంకో ఎలుకను వదిలేస్తే ఎలా?

లంక రైతు:
అమెరికా నిషేధాలు మనకు చెప్పకండి. వాళ్లకు బాలింత పథ్యం తెలుసా?

కడియం నర్సరీ:
అమెరికా వస వేరు, మన వస వేరు. అక్కడి ద్విగుణిత (రెండు సెట్ల క్రోమోజోములున్న) రకంలో బీటా అసరోన్ ఉండదు. ఆసియా చతుర్గుణిత (నాలుగు సెట్లున్న) రకం నూనెలో చాలా భాగం అదే. మొక్కలు చూసి తేడా చెప్పమంటే ఇక్కడ మొక్కలమ్మే నాకే సాధ్యం కాదు, రెండూ గట్టు పక్కన నీళ్లలో కత్తుల్లా లేచే ఆకులే. సీసాలో ఏ రకం నూనె ఉందో పరీక్ష లేకుండా ఎవరు చెప్పగలరు?

పి.గన్నవరం కోడలు:
మా బాబుకు వస కాస్త ఎక్కువ రాశారు. ఆ రోజంతా వాంతులే. ‘కఫం పోతోంది’ అని అత్తయ్యగారు మురిసిపోయారు! అరగదీసిన కొమ్ముకే అలా అయితే, ఆవిరి పట్టి తీసిన నూనె మాటేమిటి?

అమలాపురం మందుల కొట్టు:
సరిగ్గా అడిగారమ్మా. నాలుకకు రాసే గంధంలో ఉండేది పిసరంత. నూనెలో అదే చిక్కబడి ఉంటుంది. అమ్మమ్మల అలవాటును చూపించి నూనె అమ్మడం పెద్ద మోసం.
వాసన మొక్కలన్నీ పనికిరావని నేననడం లేదు. తులసి, లవంగాల్లోని యూజినాల్ మీదా, లావెండర్‌లోని లినలూల్ మీదా పరిశోధన సాగుతూనే ఉంది. కానీ ప్రయోగశాల గాజు పళ్లెంలో కణాన్ని కాపాడినదల్లా ముసలి మెదడును కాపాడదు. మొక్క నుంచి నిజంగా మందు రావాలంటే దారి వేరు. స్నోడ్రాప్ అనే పూలమొక్కలోని గాలంటమైన్‌ను వేరుచేసి, మిల్లీగ్రాముల్లో మోతాదు తేల్చి, మనుషుల మీద పరీక్షించాకే 2001లో అల్జైమర్స్‌కు అమెరికాలో అనుమతించారు. అది కూడా లక్షణాలను కొంత తగ్గిస్తుందే తప్ప జబ్బును ఆపదు.
మనవడు గారూ, ఆ మాత్ర పేరు డోనెపెజిల్ అయితే ఇంకా జాగ్రత్త. అది జ్ఞాపకానికి తోడ్పడే ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనాన్ని విరిచే ఎంజైమును అడ్డుకుంటుంది. ప్రయోగశాలలో వస నూనె కూడా అదే పని చేసింది. రెండూ కలిస్తే వాంతులు కావచ్చు, గుండె వేగం పడిపోవచ్చు.

కొత్తపేట మనవడు:
అదే మాత్రండి. సీసా మీద రకం లేదు, బీటా అసరోన్ ఎంతో లేదు. పెద్దమ్మను ఒప్పించేదెలా?

అమలాపురం మందుల కొట్టు:
ఆవిడతో వాదించకండి. సీసాను డాక్టరు గారి దగ్గరికే తీసుకెళ్లమనండి. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించారా? ఆ లోపాల వల్ల వచ్చే మతిమరుపు చికిత్సతో తగ్గే అవకాశం ఉంది.

లంక రైతు:
నూనె మాట మీ ఇష్టం. మా మనవరాలికి కొమ్ము మాత్రం అరగదీస్తాను.

పి.గన్నవరం కోడలు:
బాబాయిగారూ, ముందు ఆ పిల్ల తల్లిని అడగండి.