"క్రొమ్మెఱుంగులు జిమ్మగా"నా, "చిమ్మగా"నా? రాక్ వరుసలో ముత్యాల సరం

అడిగినవారు: గురజాడ "గుత్తునా ముత్యాల సరములు" చరణాన్ని (గుత్తునా ముత్యాల సరములు / కూర్చుకొని తేటైన మాటల / క్రొత్త పాతల మేలు కలయిక / క్రొమ్మెఱుంగులు జిమ్మగా లేదా చిమ్మగా) కొత్త రాక్ పాటగా కడుతున్నాం. మూడు పాదాలు నోటికి వచ్చాయి. నాలుగోదే తేలడం లేదు. "జిమ్మగా" అనాలా, "చిమ్మగా" అనాలా? విడుదలయ్యాక దిద్దడం కుదరదు కదా.

జవాబు: జిమ్మగా. సందేహం అక్కర్లేదు.

జవాబు: ఎందుకు అక్కర్లేదండీ? చ జ కావాలంటే ముందు ద్రుతం, అంటే పదం చివర "న్" ఉండాలి. "మెఱుంగులు" కళ, అంటే ద్రుతం లేని పదం. ప్రథమా విభక్తి అనుకుంటే గసడదవాదేశం (క చ ట త పలు గ స డ ద వలు కావడం) వచ్చి "సిమ్మగా" కావాలి. "జి"కి ఆధారం ఏది?

జవాబు: అర్థం చూడండి, అది ద్వితీయ (మెఱుంగులను). జడానికి (ప్రాణం లేని వస్తువు పేరుకు) ద్వితీయ బదులు ప్రథమ బహుళంగా వస్తుందని బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరే చెప్పాడు. "న్" కనబడకుండా పోయినా సరళాన్ని (ఇక్కడ "జ"ను) వదిలి వెళ్ళిందని నా ఊహ.

జవాబు: రూపం ప్రథమదైతే సంధి కూడా ప్రథమదే. ఆ ఊహకు సూత్రం చూపండి.

జవాబు: సూత్రం దొరికేలోపు మైకు సంగతి చెబుతాను. "చి"లోని బుస ఎక్కువగా పై పౌనఃపున్యాల్లో ఉంటుంది, హై-హ్యాట్ (డ్రమ్ముల పక్కన ఉండే జంట తాళాలు) మోత కూడా అక్కడ గట్టిగానే ఉంటుంది. రెండూ ఒకే దెబ్బ మీద పడితే అక్షరం మునిగిపోతుంది. బుసను తగ్గించే డీ-ఎస్సర్ గట్టిగా పెడితే "చి" మొద్దుబారుతుంది. "జి"లో నాదం ఉంది కాబట్టి నిలబడుతుంది. "చి"యే కావాలంటే ఆ దెబ్బకు హై-హ్యాట్ ఆపేయండి. ఇంతకీ తాళం ఏడా, నాలుగా?

అడిగినవారు: ఫోర్ బై ఫోర్ (బారుకు, అంటే ఒక తాళం చుట్టుకు, నాలుగు దెబ్బలు), నిమిషానికి 120 దెబ్బలు. మూడో పాదం "మేలూ కలయిక" అని సాగుతోంది.

జవాబు: అసలు తప్పు అక్కడుంది! జి, చి ఏదన్నా అర్థం చెడదు. "మేలూ" అంటే "మేలు కూడా" అయిపోతుంది. ముత్యాల సరం ఛందస్సు నడక 3+4 మాత్రలు (మాత్ర అంటే హ్రస్వాక్షరం పలికే కాలం). బారుకు ఏడు మాత్రలు వస్తాయి, మీ డ్రమ్ములు దెబ్బకు రెండు చొప్పున ఎనిమిది అడుగుతున్నాయి. ఆ ఒక్క మాత్ర కోసం లఘువును (ఒక మాత్ర అక్షరాన్ని) సాగదీశారు. సాగదీయకుండా ఏడు పాడి ఎనిమిదోది ఖాళీగా వదలండి. ఆ వేగంలో అది పావు సెకను, ఊపిరికి సరిపోతుంది. ఫాంటెయిన్స్ డి.సి. బ్యాండు 2024లో తెచ్చిన "రొమాన్స్" ఆల్బంలో "స్టార్‌బర్స్టర్" వినండి. గాయకుడు గట్టిగా పీల్చే ఊపిరే అందులో పాటకు కొక్కెం, వినేవాణ్ణి పట్టేసే ముక్క. దాన్ని దాచలేదు, తాళంలో కలిపేశారు.

జవాబు: మంచి సలహాయే, మొదటి పాదంలో పెట్టి చూశారా? గుత్తు | నాముత్ | త్యాల | సరములు. ఏడో మాత్ర "ముత్" దగ్గర తీరుతుంది. అక్కడ ఊపిరి తీస్తే ముత్యం విరిగిపోతుంది. రెండో పాదంలోనూ "తే"కూ "టైన"కూ మధ్య ఇదే గొడవ. మొదటి బారు చివర పదం తెగేది మూడు, నాలుగు పాదాల్లోనే.

జవాబు: ఒప్పుకున్నాను. అయితే మొదటి రెండు పాదాల్లో దీర్ఘాన్ని సాగదీయాలి: "నా"ను మూడు మాత్రలు పట్టండి, రెండోదాంట్లో "తే"ను మూడు. "ము" సంయోగం వల్ల గురువైనా (రెండు మాత్రలైనా) అచ్చు హ్రస్వమే, దాన్ని సాగదీస్తే "మూత్యాలు" అవుతుంది.

జవాబు: ఈ బాధ శ్రీశ్రీతో ఉండదు. "పదండి ముందుకు పదండి త్రోసుకు" వరసగా నాలుగు నాలుగు మాత్రలు. పైగా "పదండి" జగణం (లఘువు, గురువు, లఘువు), గురువు రెండో మాత్ర మీద లేస్తుంది. 1934లో రాసిన మాటలో ఆఫ్‌బీట్ (దెబ్బ తప్పించి పడే ఊనిక) సిద్ధంగా ఉంది! డ్రమ్మరు అదనంగా ఏమీ చేయనక్కర్లేదు.

జవాబు: శ్రీశ్రీని తెచ్చి గురజాడ నడకను వదిలేయమంటారా? ఆ 3+4ను నాలుగులో ఇరికించడం దేనికి? సెవెన్ బై ఎయిట్ (బారుకు ఏడు మాత్రలు) పెట్టండి. కిక్ డ్రమ్ ఒకటో మాత్ర మీద, స్నేర్ డ్రమ్ నాలుగో మాత్ర మీద. ఒక్క అక్షరం కదలదు. పింక్ ఫ్లాయిడ్ బ్యాండు వాళ్ళు 1973లోనే "మనీ" పాటను ఏడులో నడిపారు.

జవాబు: అందులో గిటార్ సోలోకి నాలుగులోకి మారారు, అది కూడా చెప్పండి.

జవాబు: మారేది సోలోకే, పాట మాటలకు కాదు. బేసి లెక్క వినడానికి కష్టం అనుకునేవారికి ద స్మైల్ బ్యాండు 2024 జనవరి ఆల్బం "వాల్ ఆఫ్ ఐజ్" వినిపించండి. మొదటి పాట ఫైవ్ బై ఫోర్‌లో ఉంది, లెక్కపెడితే తప్ప తెలియదు. మన ఖండగతిలో (అయిదు మాత్రల నడకలో) మాటలు రాసేవాళ్ళు దాని మీద పాడి చూడాలి.

అడిగినవారు: ఏడులోనే ఒకటి పాడి చూస్తాం. "జి", "చి" రెండూ రికార్డు చేస్తాం. చివరి "గా" ఎంతసేపు?

జవాబు: రెండు మాత్రలు. మిగిలిన రెండూ డ్రమ్మరుకు వదలండి.

జవాబు: నాలుగూ పట్టాలి. మెఱుపు అక్కడే చిమ్మాలి.

జవాబు: "జిమ్మాలి" అనకుండా "చిమ్మాలి" అన్నారు, గమనించారా? "జి"కి నేనడిగిన సంధి సూత్రం ఇంకా రాలేదు.