గారపళ్ళకు వైట్నింగ్ చేయిస్తే మచ్చలు ఇంకా తేలినయి. మళ్ళీ చేయించాల్నా, ఆపాల్నా?

మర్రిగూడ_పిల్ల:
మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ మండలం. చిన్నప్పుడు తాగింది ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళే. నాకు, మా అన్నకు, వాడకట్టుల నా ఈడు వాళ్ళందరికీ గారపళ్ళే. ఊర్లె ఉన్నన్ని రోజులు అదొక లెక్కనే కాలేదు. హైదరాబాద్ల ఉద్యోగంల చేరినంక నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునుడు అలవాటైంది.

పెళ్ళి ఇంక ఇరవై ఆరు రోజులుంది. పోయిన శనివారం ఒక క్లినిక్‌ల ఒక్క సిట్టింగ్ వైట్నింగ్ చేయించుకున్న. చిగుళ్ళకు ఏదో పూసి, నీలం లైటు పెట్టి, జెల్ మూడుసార్లు మార్చిన్రు. లేచి అద్దంల చూసుకుంటే ఏడుపొచ్చింది. పై ముందు పళ్ళ మీద లేతగా ఉన్న తెల్ల గీతలు సున్నం చల్లినట్టు తేలినయి. గోధుమరంగు మచ్చ పలచబడ్డది గానీ పోలేదు. కోరపళ్ళు రెండు పక్కల పచ్చగనే ఉన్నయి. చిన్నప్పుడు పడి విరిగిన పంటికి పెట్టిన ఫిల్లింగ్ ఇప్పుడు వేరే రంగుల కనవడుతున్నది.

ఇంకో సిట్టింగ్ అయితే అంతా ఒక్కతీరుగ కలుస్తది, సగం పైసలే తీసుకుంటం అని క్లినిక్ వాళ్ళు అంటున్నరు. మా చిన్నమ్మ నిమ్మరసంల వంటసోడా కలిపి రుద్దుమంటున్నది. ఎల్లుండికి అపాయింట్‌మెంట్ ఉంది. పోవాల్నా, వద్దా?

గుంటూరు_టు_డాలస్:
వెళ్ళొద్దమ్మా. నేను ఇక్కడ షాపులో దొరికే స్ట్రిప్పులతో ఇదే పొరపాటు చేశాను. నావి గారపళ్ళు కావు, టీ మరకలు. కాకపోతే ఒక పన్ను మెలి తిరిగి పక్కదాని మీదికి ఎక్కి ఉంటుంది. స్ట్రిప్పు ఆ సందులోకి అంటుకోక అక్కడ పచ్చ గీత మిగిలింది. పోనుపోను కలిసిపోతుందిలే అని ఇంకో పెట్టె కొన్నాను. తెల్లబడిన చోటే మళ్ళీ తెల్లబడింది, గీత మాత్రం అలాగే ఉంది. చల్లటి నీళ్ళు తాగితే ప్రాణం జివ్వుమనేది. చివరికి డెంటిస్టు నా పళ్ళ అచ్చు తీసి ట్రే చేసి ఇచ్చాకే ఆ సందులోకి జెల్ చేరింది.

వరంగల్_డెంటిస్ట్:
చెల్లె, రేపే ఫోన్ చేసి ఆ అపాయింట్‌మెంట్ రద్దు చేసుకో. నిమ్మరసం, సోడా మాట అసలే వద్దు. నిమ్మ పులుపు పంటి పైనున్న గట్టి పొరను, అంటే ఎనామెల్‌ను కరిగిస్తుంది. పోయిన ఎనామెల్ తిరిగి రాదు, దాని కింది పచ్చపొర మాత్రం బయటపడుతుంది.

ఇప్పుడు అద్దంలో నీకు కనిపిస్తున్న రంగు నిలిచేది కాదు. గంటసేపు నోరు తెరిచి ఉంచి, లైటు పెడితే పళ్ళలో తడి ఆరిపోతుంది. గార మచ్చ పైన అంటుకున్న మురికి అనుకుంటారు చాలామంది. చిన్నతనంలో దవడలో పన్ను తయారయ్యేటప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామెల్ పైపొర కింద కంటికి కనిపించనంత సన్నని సందులు మిగిలిపోతాయి. వాటిలో తడి ఉంటే మచ్చ కొంత దాగుతుంది. తడి ఆరి గాలి చేరితే వెలుతురు చెదిరి సున్నంలా కనిపిస్తుంది. కావాలంటే ఇప్పుడే చూడు: ముందు పళ్ళను మెత్తటి గుడ్డతో తుడిచి, పెదవి ఎత్తి పట్టుకుని రెండు నిమిషాలు నోటితో గాలి పీల్చు. గీతలు తేలతాయి. నోరు మూసుకుని కాసేపు తడవనివ్వు. కొంత తగ్గుతాయి. కాబట్టి రెండు వారాలు ఏ జెల్లూ వద్దు. జివ్వుమంటే పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడు, చాలు.

తర్వాత సంగతి. నువ్వు నాలుగు తేడాలు చెప్పావు. నాలుగింటికీ కారణాలు వేరు. ఒక్క జెల్‌తో నాలుగూ ఎలా కలుస్తాయి?

ఫిల్లింగ్ ఏ జెల్‌కీ రంగు మారదు. క్యాప్ అయినా అంతే. చుట్టూ పన్ను తెల్లబడేసరికి అది బయటపడింది. దాన్ని మార్చాల్సిందే, అయితే అన్నిటికన్నా చివర. జెల్ పెట్టిన పంటిలో కొన్నాళ్ళు ఆక్సిజన్ మిగిలి ఉండి కొత్త ఫిల్లింగ్‌ను సరిగా అతుక్కోనివ్వదు, పైగా పంటి రంగు కుదిరితేనే దానికి తగ్గ రంగు ఎంచుకోగలం. కోరపళ్ళు అందరికీ కాస్త పచ్చగానే ఉంటాయి. ట్రేలో ఆ రెండు పళ్ళ గుంటల్లోనే జెల్ వేసి కొన్ని రాత్రులు పెట్టుకుంటే పక్కవాటికి దగ్గరవుతాయి. గోధుమ మచ్చకు మైక్రోఅబ్రేజన్ ఉంది: నోటికి రబ్బరు షీటు కట్టి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, గరుకు పొడి కలిపిన పేస్టుతో పైపొరను సన్నగా అరగదీస్తారు.

నిన్ను ఏడిపించిన తెల్ల గీతలను ఏ బ్లీచింగూ తీసేయలేదు. వాటికి రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ అని ఒక పద్ధతి ఉంది. 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం జెల్‌తో పైపొరను తెరిచి, ఆల్కహాల్‌తో ఆరబెట్టి, నీళ్ళంత పల్చటి రెజిన్‌ను (లైటు పెడితే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి ద్రవం) ఆ సందుల్లోకి ఇంకనిస్తారు. వెలుతురు అందులోంచి దాదాపు ఎనామెల్‌లోంచి పోయినట్టే పోతుంది కాబట్టి మచ్చ కలిసిపోతుంది. రెజిన్ పెట్టకముందే ఫలితం కొంత తెలుస్తుంది: ఆల్కహాల్ చుక్క పడగానే మచ్చ పలచబడిందంటే రెజిన్‌కూ లొంగుతుంది. పలచబడకపోతే ఆమ్లం ఇంకోసారి పెట్టి చూస్తారు.

ఒక్క మాట కోపంతోనే రాస్తున్నాను. జెల్ పెట్టకముందు పళ్ళు ఆరబెట్టి, వెనక నుంచి చిన్న లైటు వేసి చూస్తే ఈ గీతలన్నీ ముందే కనిపించేవి. ఫోటో తీసి, "ఇవి మొదట ఇంకా తెల్లగా తేలతాయి, ఈ ఫిల్లింగ్ మారదు" అని చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టదు. మొదట పై వరుస ఒక్కటే చేసి, కింది వరుసతో పోల్చి చూపించి ముందుకెళ్ళొచ్చు. అది చేయకుండా నల్లగొండ పిల్లకు ఒక్క సిట్టింగ్ ప్యాకేజీ అమ్మడం తప్పు.

బెజవాడ_దంతాలు:
డాక్టర్ గారూ, నేనూ ఇదే వృత్తిలో ఉన్నాను. రెండో సిట్టింగ్ వద్దన్న మాటకు ఒప్పుకుంటాను. ఏ బ్లీచింగూ పనికిరాదన్నట్టు రాశారు, దానికి ఒప్పుకోను.

తెల్ల మచ్చను తీయలేనప్పుడు చుట్టూ ఉన్న పంటిని దాని రంగుకు దగ్గరగా తేవచ్చు. మచ్చ అలాగే ఉంటుంది, తేడా తగ్గుతుంది. క్లినిక్‌లో లైటు కింద పెట్టే జెల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ 25 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. ఇంట్లో రాత్రిపూట ట్రేలో పెట్టుకునే 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌లో అది సుమారు 3.5 శాతమే. యూరప్‌లో 6 శాతం దాటినదాన్ని దీనికి వాడనివ్వరు, 18 ఏళ్ళ లోపు పిల్లలకు అసలు వాడకూడదు. తక్కువ గాఢతతో మూడు నాలుగు వారాలు నిదానంగా పోతే గార మచ్చల తేడా బాగా తగ్గడం నేను చాలామందిలో చూశాను. పంటిని గీకనక్కర్లేదు. మీరు చెప్పిన పద్ధతిలో ఎనామెల్ కొంతైనా పోతుంది, అది వెనక్కి రాదు. ఖర్చు పంటి లెక్కన పడుతుంది. పైగా లోతైన గారకు, గుంటలు పడ్డ పళ్ళకు రెజిన్ చేరదు.

వరంగల్_డెంటిస్ట్:
గుంటలు పడ్డ పళ్ళ విషయంలో మీ మాటే నిజం, వాటికి కాంపోజిట్, అంటే పంటి రంగు ఫిల్లింగ్ కట్టాల్సిందే. మచ్చ పలచగా పన్నంతా పరుచుకుని ఉంటే మీ దారే ముందు పట్టాలి, నేనూ అదే చేస్తాను. ఈ అమ్మాయికి విడివిడిగా గీతలున్నాయి, చేతిలో నాలుగు వారాలు కూడా లేవు. చుట్టూ తెల్లబడేలోపు పెళ్ళి ఫోటోలు అయిపోతాయి. ఎనామెల్ పోవడం గురించి మీ భయం న్యాయమైనదే. కానీ ఈ ఇబ్బంది ఓపికపట్టలేక జనం చివరికి వెనీర్ల (పంటి ముందు అతికించే పల్చటి రేకులు) దాకా పోతున్నారు, వాటికి పంటిని అరమిల్లీమీటరు దాకా చెక్కుతారు. పాతికేళ్ళ పిల్ల పళ్ళు అలా చెక్కించుకోవడం కన్నా ఇది ఎంతో నయం.

కనిగిరి_మాస్టారు:
మీరిద్దరూ పెద్ద చదువులు చదివిన వాళ్ళు. నేను ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన వాణ్ణి, నావీ గారపళ్ళే. 1937లో మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు, ఫ్లోరోసిస్ గురించి మొదట రాసింది అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళ గురించే. మా కనిగిరి ఆ జిల్లాలోనే ఉండేది. అప్పటినుంచి ఎన్ని తరాల పిల్లలు ఈ పళ్ళతో నవ్వారో! అమ్మాయీ, తప్పు నీళ్ళది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్ళు తాగించిన వాళ్ళం మేమంతా సిగ్గుపడాలి, నువ్వెందుకు? ఆ డబ్బుతో పెళ్ళికి నచ్చిన చీర కొనుక్కో తల్లీ.

మర్రిగూడ_పిల్ల:
మాస్టారూ, మీ మాట చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టిన. మా నాయనమ్మకు ఆ నీళ్ళతోనే మోకాళ్ళు వంగలేదు, నడుము లేవలేదు. ఆమె ముందల నా పళ్ళ బాధ బాధే కాదు, నాకు తెలుసు. ఇప్పుడు మా ఊరికి కృష్ణా నీళ్ళు వస్తున్నయి, మా అన్న కొడుకు పళ్ళు మల్లెమొగ్గల లెక్క ఉన్నయి. వాడు నవ్వితే ఇంట్ల అందరం ఆగి చూస్తం. కానీ మాస్టారూ, నేను సిగ్గుపడి చేయించుకోలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోకుండ నవ్వాలని చేయించుకున్న.

అపాయింట్‌మెంట్ రద్దు చేసుకున్న. సగం పైసల ఆఫర్ మళ్ళ రాదన్నరు. రాకపోతే రాకపాయె.

కనిగిరి_మాస్టారు:
ఆ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదమ్మా. చేయించుకో. మంచి డాక్టరును చూసుకుని చేయించుకో.

మర్రిగూడ_పిల్ల *(పద్దెనిమిది రోజుల తర్వాత):*
అడిగినోళ్ళందరి కోసం రాస్తున్న. పన్నెండు రోజులు ముందు పళ్ళ జోలికి పోలేదు. గీతలు వాటంతట అవే సగం తగ్గినయి, నేను నమ్మలేదు, పాత ఫోటో పక్కన పెట్టుకుని చూసిన. వేరే డాక్టరమ్మ దగ్గర ట్రే చేయించుకుని కోరపళ్ళకు మాత్రం బెజవాడ డాక్టర్ గారు చెప్పిన 10 శాతం జెల్ రాత్రిపూట పెట్టుకున్న. ఇంకా పూర్తిగ కలవలేదు, నవ్వితే మాత్రం తేడా అంత తెలుస్తలేదు.

పదహారో రోజు ముందు నాలుగు పళ్ళకు రెజిన్ పెట్టిన్రు. చేతికి అద్దమిచ్చి చూడుమన్నది డాక్టరమ్మ. మొదటిసారి ఆల్కహాల్ చుక్క వేస్తే మూడు పళ్ళ మీద గీతలు మంచు కరిగినట్టు మాయమైనయి, నాలుగో దాని మీద కదల్లేదు. ఆమ్లం ఇంకోసారి పెట్టి మళ్ళ చుక్క వేసింది. కొంచెం పలచబడ్డది, పూర్తిగ పోలేదు. "మూడోసారి పెట్టనా, ఇక్కడ ఆపనా?" అని అడిగింది. ఆపమన్న. ఆ పంటి మూలకు చిన్న తెల్ల చుక్క మిగిలింది, ఉండనీ.

గోధుమ మచ్చ ఇదివరకే పలచబడ్డది కాబట్టి అరగదీయాల్సిన అవసరం రాలేదు. ఫిల్లింగ్ రేపు మారుస్తరు. పసుపుకు కొత్త ఫిల్లింగ్ రంగు పడతదట, నలుగు పెట్టేటప్పుడు నోట్లెకు పోకుండ చూసుకొమ్మన్నది. మంగళస్నానం నాడు మా చిన్నమ్మకు ఈ సంగతి చెప్పాలె, ఆమె చెయ్యి ఆగదు.

గుంటూరు_టు_డాలస్:
ఆ నాలుగో పన్ను ఫోటో వద్దు గానీ, పెళ్ళి ఫోటో ఒకటి పెట్టమ్మా.